మూత మూశాక మూగబోయిన పెట్టె

రండి, ఇలా చాప మీదికి జరిగి కూర్చోండి. గుమ్మంలో నిలబడి ఒక చెవితో వినే మాట కాదిది. నా గొంతు ఇదివరకటిలా వీధి చివరిదాకా వినపడదు, మీరే కాస్త దగ్గరికి రావాలి. మీలో చాలామంది రకరకాల మిషన్ల దగ్గర పని చేస్తున్నారు. పనిలో నేను తలెత్తుకు తిరిగిన రోజులు బోలెడున్నాయి, వాటి గురించి ఎప్పుడడిగినా చెప్తాను. ఈ పూట మాత్రం నా చేత్తో నేను చేసిన తప్పు గురించి చెప్తాను. అందులో అయిదుగురు మనుషుల ప్రాణాలు ఇరుక్కున్నాయి.

నేను చదివింది మూడో తరగతి. మా పుట్టిల్లు బందరు పక్కన చిలకలపూడి. అక్కడ ఇంటింటా రోల్డ్ గోల్డ్ గొలుసుల పని. పొద్దున్నే వాకిలి ఊడ్చి, పీట వేసుకుని, దీపం ముందు కూర్చుంటే ఊదుగొట్టంతో మంటని సన్నగా ఊదుతూ ఆవగింజంత రింగుకి ఇంకో రింగు అతికించేవాళ్ళం. ఊపిరి కొంచెం ఎక్కువైతే రింగు కరిగిపోతుంది, తక్కువైతే అతుకు పట్టదు. పెళ్ళై బందరు వచ్చాక కూడా ఆ పని మానలేదు.

యాభైల మధ్యలో ఒక రోజు మా ఇంటికి రేడియో మేస్త్రీ గారు వచ్చారు. ఇంగ్లీషుపాలెం వెళ్ళే దారిలో ఆయనకి చిన్న రిపేరు కొట్టు. కుడికాలికి బోదకాలు, అందుకని ఎక్కడికీ పెద్దగా నడిచేవారు కాదు. అలాంటి మనిషి వెతుక్కుంటూ వచ్చారంటే ఎంత అవసరమో చూడండి. అరచేతిలో ఒక తీగచుట్ట పెట్టుకొచ్చారు.

"అమ్మాయ్, ఇది రేడియో కాయిలు. తీగ లోపల తెగింది. నాకు కళ్ళు ఆనడం లేదు, చెయ్యి వణుకుతోంది. నువ్వు అతకగలవా?"

తీగ తల వెంట్రుక కన్నా సన్నం. నేను ఊదుగొట్టం అందుకోబోతే ఆయన గాభరాగా చెయ్యి అడ్డం పెట్టారు. "మంట వద్దు తల్లీ, అది బంగారం కాదు!" అని సంచిలోంచి టంకం కడ్డీ, గుగ్గిలం ముక్క తీసిచ్చారు. కడ్డీని మా పొయ్యి నిప్పుల్లోనే కాల్చి, ఊపిరి బిగబట్టి అతికించాను. ఆయన అద్దంతో పదిసార్లు చూసి, "రేపట్నించి కొట్టుకి వచ్చెయ్" అన్నారు.

మా అత్తగారు వారం రోజులు గొడవ పెట్టారు. "రేడియో కొట్టులో ఆడపిల్లకేం పనే? ముక్కూ మొహం తెలియని మగాళ్ళ గొంతులు పొద్దస్తమానం వింటూ కూర్చుంటావా?" అనేవారు. నెల తిరిగేసరికి సాయంత్రం నాటకం ఏం వచ్చిందో చెప్పందే అన్నం పెట్టేవారు కాదు.

ఆ రోజుల్లో రేడియో అంటే సామాను కాదు, ఇంట్లో ఒక మనిషి. వంటింటి గూడంత ఉండేది. స్విచ్చి వేశాక వెంటనే పలికేది కాదు, తాంబూలం చుట్టుకునేంత సేపు ఆగాలి. లోపల గాజు వాల్వులు మెల్లగా ఎర్రబడేవి, వేడెక్కిన దుమ్ము వాసన వచ్చేది, అప్పుడు ఎక్కడో దూరం నుంచి నడిచొస్తున్నట్టు గొంతు దగ్గరయ్యేది. ఇంటి మీద రెండు గడలు పాతి వాటి మధ్య ఏరియల్ తీగ లాగాలి. ఇంకో తీగ భూమిలోకి దించాలి. ఆ గుంటలో ఉప్పు, బొగ్గు వేసి రోజూ చెంబుడు నీళ్ళు పోయాలి. దివిసీమలో ఒక పల్లెలో ముసలమ్మ ఆ గుంట చుట్టూ ముగ్గేసి పసుపు కూడా రాసింది. మేస్త్రీ గారు క్రైస్తవులు, పొద్దున్నే పాట పాడి గానీ పనిలో కూర్చునేవారు కాదు. ఆ పసుపు సంగతి వింటే కోప్పడతారేమో అనుకున్నాను. "రాయనీ అమ్మాయ్, నీళ్ళు మానకపోతే చాలు" అన్నారు.

గుడివాడలో ఒక రైసు మిల్లు షావుకారు గారి సెట్టు ఏటా వానాకాలం రాగానే మూగబోయేది. వెనక చెక్క విప్పితే వెచ్చగా ఉందని వాల్వుల పక్కన బల్లి గుడ్లు పెట్టుకుని ఉంది. షావుకారు గారు నా భుజం మీంచి తొంగి చూసి మెల్లగా అడిగారు, "రేడియోలో బల్లి పలికితే శకునం మంచిదేనంటారా అండీ?" ఇంగ్లీషు వార్తల్లో పలికితే దోషం లేదండీ అన్నాను. ఆయన ఆ మాట మిల్లంతా చెప్పుకున్నారు.

అసలు చిక్కంతా దివిసీమ సముద్రపు ఒడ్డు పల్లెలతో వచ్చేది. అక్కడ కరెంటు లేదు. ఇటుకలంత బరువైన బ్యాటరీలతో సెట్లు నడవాలి. ఉప్పుగాలికి మరలు పచ్చగా చిలుము పట్టేవి, అతుకులు ఆరు నెలలకే పొడి రాలేవి. బందరులో పదేళ్ళు పాడే సెట్టు అక్కడ ఒక వర్షాకాలం దాటేది కాదు. దానికి మేస్త్రీ గారు, నేను కలిసి ఒక ఉపాయం చేశాం. ఇనప రేకుతో పెట్టె కట్టి, సెట్టుని అందులో కూర్చోబెట్టి, అంచులన్నీ టంకంతో మూసేశాం. తిప్పే బిళ్ళలు మాత్రం తోలు వాషర్ల గుండా బయటికి వచ్చేవి. మాట వినపడే చోట సన్నని జాలీ. పైమూతకి మరలు బిగించి, సందుల్లో మైనం పోసేవాళ్ళం. ఏరియల్ తీగ ఒక చిన్న బెజ్జం గుండా లోపలికి వెళ్ళేది.

పెట్టె అతుకులు నావి. చీమ దూరే సందు ఉండేది కాదు. ఆ పెట్టెల్లో సెట్లు మూడేళ్ళు, నాలుగేళ్ళు నిక్షేపంగా పలికాయి. మంగినపూడి నుంచి కృష్ణ సముద్రంలో కలిసేచోటు దాకా ఒడ్డు పల్లెల్లో మా కొట్టుకి 'ఇనప్పెట్టె కొట్టు' అని పేరొచ్చింది. మూత మూసినా తెరిచినా సెట్టు ఒకేలా పలికేది. అందుకని మూత బిగించాక మళ్ళీ వేసి చూడటం మాకు అలవాటు లేదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

అరవైల మొదట్లో ట్రాన్సిస్టర్లు వచ్చాయి.

మొదటిదాన్ని బల్ల మీద పెట్టినప్పుడు మేస్త్రీ గారు దాన్ని ముట్టుకోలేదు. చుట్టం పిల్ల అల్లరి చేస్తుంటే చూసినట్టు చూశారు. "వెలుగు లేదు, వేడి లేదు. వేసీ వేయగానే వాగుతుంది. ఇది రేడియోనా అమ్మాయ్?" అన్నారు. వెనక విప్పి చూశాను. వాల్వులు లేవు. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు లేదు. మిరియాల్లాంటి బుడిపెలు కొన్ని, వేలెడు పొడవు నల్లటి కడ్డీ ఒకటి, దాని చుట్టూ నా చిలకలపూడి కళ్ళకి కూడా ముచ్చటేసేంత సన్నగా చుట్టిన తీగ.

"ఈ కడ్డీ ఏంటండీ?"

"ఏదో కాయిల్లే. తెగితే అతుకుదువు గాని, తెగనప్పుడు మనకెందుకు?"

బయట ఏరియల్ తీగ అక్కర్లేదు, భూమిలో తీగ అక్కర్లేదు, చెంబుడు నీళ్ళు అక్కర్లేదు. ఇన్ని అక్కర్లేకుండా ఎలా పలుకుతోందో అడగాల్సింది. మేమిద్దరం అడగలేదు. ఆయనకి దాని మీద చిన్నచూపు, నాకు నా చేతి మీద పెద్ద నమ్మకం.

దివిసీమ నుంచి ఎండుచేపల బుట్టలతో బందరు వచ్చే ఒక అక్క ఉండేది. ఎత్తుగా, ముక్కుకి ఇరువైపులా బేసరులతో, బజారు మొదట్లో మాట్లాడితే చివర వినపడే గొంతుతో ఉండేది. వాళ్ళ పల్లెలో మా పాత బ్యాటరీ సెట్టు ఇనప్పెట్టెలో ఉంది, ఊరంతా దాని ముందే కూర్చుని వినేవాళ్ళు. అక్క భర్తది సొంత నావ. ఏరు సముద్రంలో పడే మొగ దాటాక ఒక ఇసుకతిప్ప ఉంది. ఆయన, ఇంకో నలుగురు దాని మీద తాటాకు పాక వేసుకుని ఆరేసి రోజులు ఉండి, వేటాడి, చేపలు అక్కడే ఎండబెట్టుకుని వచ్చేవాళ్ళు. అక్క ఒక రోజు బుట్టలోంచి గుడ్డమూట తీసి విప్పింది. లోపల కొత్త ట్రాన్సిస్టరు.

"చెల్లెమ్మా, మగోళ్ళు తిప్ప మీదికెళ్తే ఆరు రోజులు కబురుండదు. గాలి ఎటు తిరుగుద్దో ఇది చెప్పుద్దంట. నావలో వేసిస్తా. కానీ ఉప్పునీళ్ళు తగిలితే చచ్చిపోద్దిగా. మీ పెట్టె ఒకటి కట్టియ్యి, చిన్నది."

రెండు రోజుల్లో కట్టాను. కిరసనాయిలు డబ్బా రేకు కత్తిరించి, మడిచి, అంచులన్నీ గొలుసు అతికినంత శ్రద్ధగా అతికాను. మేస్త్రీ గారు అద్దంతో చూసి, "నగల పెట్టెలా చేశావు. ఇందులో మన వాల్వు సెట్టు కూర్చుంటే ఇంకా అందంగా ఉండేది" అన్నారు. మూత తెరిచి ఉండగా వేశాను. బెజవాడ నుంచి పాట గణగణ వచ్చింది. ఆపేసి, మూత పెట్టి, మరలు బిగించి, మైనం పోశాను.

అక్క వచ్చి పెట్టె అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏదీ, ఒకసారి వేసి వినిపించు."

ఇప్పుడు చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది. నేను నవ్వి, "ఇప్పుడే విన్నాం అక్కా. ఎన్నేళ్ళ నుంచి పెట్టెలు కడుతున్నాం, నువ్వెరగవా? మీ బస్సు వెళ్ళిపోద్ది, బయల్దేరు" అన్నాను. అక్కడితో ఊరుకోలేదు. "మూత మాత్రం ఎవర్నీ తీయనివ్వకు. ఒక్కసారి ఉప్పుగాలి లోపలికెళ్తే ఇంక నా పూచీ లేదు" అని గట్టిగా చెప్పి పంపించాను.

ఆ తర్వాత అయిదో రోజు పొద్దున. కొట్టులో మా పెద్ద వాల్వు సెట్టు మీద వార్తలొస్తున్నాయి. సముద్రంలో గాలి బలపడుతోందనీ, రాత్రికి ఒడ్డుకి చేరుతుందనీ, వేటకి వెళ్ళినవాళ్ళు తిరిగి రావాలనీ చెప్పారు. నా చేతిలో ఇంకో పల్లెవాళ్ళ ట్రాన్సిస్టరు, అలాంటిదే ఇంకో రేకు పెట్టె ఉన్నాయి. వార్త బాగా వినాలని దాన్ని కూడా అదే స్టేషనుకి తిప్పాను. రెండూ ఒకే మాట చెప్తున్నాయి. వింటూ వింటూ, చేతి అలవాటున, పలుకుతున్న సెట్టు మీద మూత పెట్టాను.

పెద్ద సెట్టు మాట్లాడుతూనే ఉంది. పెట్టెలోది ఆగిపోయింది. ఒట్టి బుసే మిగిలింది.

మూత తీశాను. పలికింది. పెట్టాను. ఆగింది. మళ్ళీ తీశాను.

"మేస్త్రీ గారూ."

"బ్యాటరీ వదులై ఉంటుంది అమ్మాయ్."

"కాదండీ. ఒకసారి ఇటు చూడండి."

నాలుగోసారి మూత పెట్టినప్పుడు ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేశారు. ఇద్దరం లోపలున్న నల్ల కడ్డీ వైపే చూశాం. ఇంతకాలం మాటని పట్టింది ఇంటి మీది తీగ. సెట్టు ఎంత లోపల ఉన్నా, ఎంత ఇనుములో ఉన్నా, తీగ బయట నిలబడి పట్టి లోపలికి అందించేది. ఈ కొత్తదానికి ఆ తీగ కడుపులోనే ఉంది. ఆ నల్ల కడ్డే దాని ఏరియలు. నేను దాని చుట్టూ చీమ దూరకుండా ఇనుము కట్టి, మాటని కూడా దూరకుండా చేశాను. మీరు లిఫ్టు ఎక్కగానే ఫోనులో మాట తెగిపోతుంది చూడండి, అలాంటిదే. అతుకు ఎంత బాగా పడితే అంత చెవుడు.

"అక్క నావ" అన్నాను.

మేస్త్రీ గారు తన కాలు వైపు చూసుకున్నారు. ఆయన వెళ్ళలేరు. ఒక్క మాట మాత్రం అన్నారు. "పెట్టె ఆలోచన నాదని చెప్పు. అక్కడ నువ్వొక్కదానివే నెత్తిన వేసుకోకు."

టంకం కడ్డీ కూడా చల్లార్చకుండా బస్సెక్కాను. చల్లపల్లి దాకా తిట్టుకున్నాను, పులిగడ్డ దాకా దేవుళ్ళని మొక్కుకున్నాను. అవనిగడ్డలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. ఆకాశం మామూలుగానే ఉంది, కానీ గాలిలో చెమ్మ బరువుగా ఉంది. అక్క పల్లె ఆడవాళ్ళు ముగ్గురు సంతలో చేపలమ్ముకుని ఎడ్లబండిలో తిరిగి వెళ్తుంటే ఎక్కించుకోమన్నాను.

"రేడియో అమ్మాయి కదూ! రా రా" అని జరిగారు. "మా ఊరి సెట్టు పొద్దున్నే చెప్పేసింది, గాలొస్తందని. ఒడ్డున నావలన్నీ పైకి లాగేశాం."

"తిప్ప మీద వాళ్ళో?" అన్నాను.

"వాళ్ళకేంటి? వాళ్ళ దగ్గర నీ పెట్టె ఉందిగా. వినే ఉంటారు, ఈపాటికి బయల్దేరే ఉంటారు."

ముందయితే ఆ పల్లెలో ఒక పద్ధతి ఉండేది. గాలి పట్టేలా ఉంటే ఒడ్డున పచ్చి తాటాకులు కుప్పేసి పొగ పెట్టేవాళ్ళు. తిప్ప మీద నుంచి పొగ కనపడితే పాక వదిలేసి నావెక్కాల్సిందే. ఇప్పుడు నావలో రేడియో ఉంది కాబట్టి ఎవరూ పొగ పెట్టలేదు. పెట్టాలని తోచనే లేదు. వాళ్ళకున్న పాత చెవిని కూడా నా పెట్టె మూసేసింది.

అప్పుడే చెప్పాల్సింది. మైలు దూరం నోరు విప్పలేకపోయాను. నేనే కట్టాను, నేనే వినిపించలేదు, నేనే మూత తీయొద్దన్నాను అని ఎలా చెప్పడం? ఎడ్లు నింపాదిగా నడుస్తున్నాయి. ఒకామె నాకు వక్కపలుకు ఇచ్చింది. దాన్ని నోట్లో వేసుకోలేక గుప్పిట్లో పట్టుకుని, "ఆ పెట్టెలోకి మాట వెళ్ళదు. వాళ్ళకేమీ వినపడి ఉండదు" అన్నాను.

వక్కపలుకు ఇచ్చినామె ముందుకి వంగి బండివాడి చేతిలో చెర్నాకోలు లాక్కుంది. ఆ తర్వాత ఆ ఎడ్లు పరిగెత్తిన పరుగు నేను మళ్ళీ చూడలేదు.

పల్లెకి చేరేసరికి పొద్దు వాలుతోంది. అక్క ఒడ్డున చేపలు ఎత్తి బుట్టల్లో పోస్తోంది. నా వాలకం చూసి బుట్ట దించింది. అందరి ముందూ చెప్పాను. పెట్టె గురించి, మూత గురించి, నేను నవ్వింది, వినిపించకుండా పంపింది, అంతా చెప్పాను.

అక్క ఒక్క క్షణం సముద్రం వైపు చూసింది. "తర్వాత తిడతా" అంది. "ముందు ఆకులు పట్రండి!"

పొగ పెట్టారు. కానీ గాలి అప్పటికే సముద్రం మీంచి ఈడ్చి కొడుతోంది. పొగ పైకి లేవకుండా నేల బారున పడి ఊళ్ళోకే వచ్చేస్తోంది. దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ ఇంకో కుప్ప వేశారు, అదీ అంతే. పల్లె పెద్ద తల అడ్డంగా ఊపాడు. "ఎదురుగాల్లో నావ తీస్తే చీకటి పడేలోగా తిప్పకి చేరం. పొగ కనపడదు. ఇంక దీనికన్నా ఎత్తుగా ఏముంది మనకి?"

నేను తలెత్తి చూశాను. ఎత్తుగా ఉన్నది నా కళ్ళ ముందే ఉంది. మా పాత సెట్టు కోసం మేము పాతించిన సరుగుడు గడ. ఒడ్డున దానికి మించిన ఎత్తు లేదు. తీగ మీద ఉప్పు పేరుకుంటే దించి తుడవాలని దానికి గిలక కట్టి, తాడు వేయించింది నేనే.

"ఏరియల్ తీగ దించి, ఆ తాడుకి ఎర్రగుడ్డ కట్టి ఎగరేద్దాం" అన్నాను.

పెద్దాయనకి అనుమానం. "తీగ దించితే మన సెట్టు మూగబోద్దిగా అమ్మా? సాయంత్రం గాలి సంగతి మళ్ళీ చెప్తారు. అదెట్టా వినాలి?"

"మనకి తెలిసిందే చెప్తారండీ. తెలియాల్సింది వాళ్ళకి."

నేనే వెళ్ళి ముడి విప్పాను. ఇన్నేళ్ళుగా ఎక్కడికెళ్ళినా ఆ తీగ తెగకుండా, జారకుండా చూడటమే నా పని. ఆ రోజు దాన్ని కిందికి లాగి ఇసుకలో పడేశాను. అక్క ఇంట్లోంచి బందరు అద్దకం దుప్పటి తెచ్చింది, దాని ఎరుపు కన్నా ఎర్రనిది ఆ ఊళ్ళో లేదు. రెండు కొసలు తాడుకి కట్టి, నలుగురం కలిసి లాగాం. పైకి వెళ్ళగానే గాలి దాన్ని ఫటేల్మని విప్పింది. పొగని నేలకి తొక్కిన గాలే దుప్పటిని చాపలా పరిచి పట్టుకుంది.

ఆ తర్వాత చేయడానికి ఏమీ లేదు. చూడటమే. అక్క నా పక్కనే నిలబడింది. నీళ్ళు సీసం రంగుకి తిరిగాయి. అంచున అలలు తెల్లగా విరుగుతున్నాయి. చాలాసేపటికి వక్కపలుకు ఇచ్చినామె, "అదుగో తెరచాప" అంది. నాకేమీ కనపడలేదు. వెంట్రుకంత తీగ కనపడే కళ్ళు నావి, దూరం ఆనవు. అక్క చెయ్యి నా భుజం మీద పడి గట్టిగా నొక్కడంతో నాకు తెలిసింది.

దీపాల వేళకి నావ ఒడ్డుకి తగిలింది. అయిదుగురూ దిగారు. ఊరంతా కలిసి నావని పైకి లాగిన కాసేపటికే వాన, గాలి విరుచుకుపడ్డాయి. మర్నాడు చూస్తే తిప్ప మీద పాక లేదు, పాక ఉన్న చోట ఇసుక కూడా లేదు.

అక్క భర్త దిగుతూనే చంకలో పెట్టెని నా చేతిలో పెట్టాడు. ఇసుమంత ఇసుక కూడా అంటకుండా గుడ్డలో చుట్టి తెచ్చాడు. "చెల్లెమ్మా, నువ్వు చెప్పినట్టే చూసుకున్నాం. మూత మీద ఎవుడి చెయ్యీ పడనివ్వలా. కానీ అయిదు రోజుల్నించి బుస తప్ప ఒక్క మాట మాట్లాడితే ఒట్టు!"

"బుస కొడుతుంటే పాడైందని తెలీదా?" అంది అక్క.

"వార్తల వేళ కాదేమో అనుకున్నాం. తిప్ప మీద గడియారం ఉందా ఏంటి? మబ్బు చూస్తే నాకు అనుమానంగానే ఉంది. పెట్టె ఏం చెప్పట్లేదు కదా, చెప్పాక వెళ్దాంలే అన్నాడు నీ మరిది. అంతలో మాతో ఉన్న ఈ కుర్రోడు గడ మీద మన దుప్పటి ఎగరడం చూశాడు. ఇల్లు తగలబడిందేమో అనుకుని వచ్చాం!"

అక్క ఇంట్లో, లాంతరు వెలుగులో, మరలు విప్పి మైనం గీకి మూత తీశాను. తీయగానే బెజవాడ గొంతు నిక్షేపంగా మాట్లాడింది, వేటకి ఎవరూ వెళ్ళొద్దని. అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ముందు నవ్వింది అక్క మరిది. తర్వాత ఆ ఇల్లంతా నవ్వింది. నేను మాత్రం ఏడ్చాను.

అక్క నా ముందు పళ్ళెం పెట్టి, వేడన్నంలో చేపల పులుసు పోసింది. "ఇంకోసారి మూత మూసి వినిపించకుండా ఇచ్చావంటే నిన్నే పెట్టెలో పెట్టి మైనం పోసేస్తా" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మావాళ్ళు రాకపోయినా పెట్టె తప్పని మాకు తెలిసేది కాదు. గాలి మింగేసింది అనుకునేవాళ్ళం. నీకొక్కదానికే తెలుసు. తెలిసినదానివి వచ్చి చెప్పావు. తిను" అంది.

నా పనిలో ఎందరో మెచ్చుకున్నారు. అయినా ఆ 'తిను' అన్న మాట దగ్గరికి ఏదీ రాలేదు.

బందరు తిరిగి వచ్చేసరికి మేస్త్రీ గారు కొట్టు ముందు కుర్చీ వేసుకుని బస్సు వచ్చే వైపే చూస్తున్నారు. నన్ను చూసి లేవబోయి, కాలు సహకరించక మళ్ళీ కూర్చున్నారు. అంతా విని, లోపలున్న రేకు పెట్టెలన్నీ బయటపెట్టించారు. ఇచ్చిన ప్రతి చోటికీ కబురు చేశాం. ట్రాన్సిస్టరు పెట్టుకున్నవాళ్ళవి వెనక్కి తెప్పించాం. వాల్వు సెట్ల పెట్టెలు మాత్రం ఎక్కడివక్కడే హాయిగా పలుకుతున్నాయి. "పెట్టె చెడ్డది కాదమ్మాయ్. మనం పాత బుద్ధితో కొత్తదానికి చొక్కా కుట్టాం" అన్నారు.

ఆ వారంలోనే ఆయన తన వాల్వుల అలమరా ఒక గూడు ఖాళీ చేసి, ట్రాన్సిస్టరు ఒకటి తెచ్చి పూర్తిగా విప్పి బల్ల మీద పరిచారు. "ఇప్పుడు నువ్వూ నేనూ ఒకే క్లాసు. రా, కూర్చో" అన్నారు. అరవై దాటిన మనిషి నల్ల కడ్డీ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క బుడిపె పేరు నేర్చుకున్నారు. నాకు అక్షరాలు తక్కువని ఆయన చదివేవారు, ఆయనకి చెయ్యి వణుకుతుందని నేను అతికేదాన్ని. ఆ తర్వాత నాలుగేళ్ళకి వాల్వు సెట్లతోనే బతికిన కొట్లు బందరులో ఒక్కొక్కటే తలుపులు మూసుకున్నాయి. మాది తెరిచే ఉంది.

అక్కకి కొత్త పెట్టె టేకు చెక్కతో చేయించాను. వంటింట్లో ఉప్పు పెట్టెలా పైకి లేచే మూత, లోపల మైనం పట్టించిన గుడ్డ. ఒక్క ఇనప మేకు కూడా లేదు. అక్క వచ్చి అడగకముందే మూత మూసి, బిళ్ళ తిప్పి, ఆమె చెవి దగ్గర పెట్టాను. బజారు చివరిదాకా వినపడేలా నవ్వింది.

ఆ రోజు నుంచి మా కొట్టులో ఒకటే కట్టుబాటు. ఏ సెట్టయినా సరే, మూత మూశాక, మర బిగించాక, ఎవరిదో వాళ్ళ చేతిలో పలికి తీరాలి. ఎంత తొందరలో ఉన్నా, ఎంత నమ్మకమున్నా. మేస్త్రీ గారు మంచాన పడ్డాక కూడా, నేను చూడటానికి వెళ్తే అడిగేవారు. "మూత మూసి వినిపిస్తున్నావా అమ్మాయ్?" "వినిపిస్తున్నానండీ" అనేదాన్ని. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు కూడా మీ పనిలో అదే చేయండి. తెలిసిందే కదా అని నవ్వి బస్సెక్కించకండి.

ఇంక లేవండి, మీ ఇళ్ళల్లో మీకోసం చూస్తుంటారు. మీ గడప దాటి పనికెళ్ళిన వాళ్ళందరూ దీపాల వేళకి అన్నం వాసనని పట్టుకుని ఇంటికొచ్చేయాలి. మీ వాళ్ళు దూరాన ఉంటే వాళ్ళ మాట మీకు, మీ మాట వాళ్ళకి ఏ అడ్డూ లేకుండా చేరాలి. మీ ఇంటి మీద ఎప్పుడూ ఎత్తుగా ఒక గడ ఉండాలి. దాని మీద ఎర్ర దుప్పటి ఎగరేయాల్సిన రోజు మాత్రం మీకెన్నడూ రాకూడదు.